ఇంటిలో మంద్రధ్వని: సబ్‌వూఫరు ఎంపిక

అనంతపురము జిల్లాలో వాన రాకను జనులు కంటితో చూచుటకంటె ముందు చెవితో విందురు. కణేకల్ చెరువుగట్టున నిలిచిన రైతు ఉత్తరమున బళ్ళారివైపు ఎక్కడనో ఉరిమినది విని తల ఎత్తును. మెరుపు కనబడదు, మబ్బు కనబడదు. ఆ గంభీరమైన మ్రోత మాత్రము పది పదునైదు కిలోమీటర్ల దూరమునుండి నేలవెంట నడచి వచ్చినట్లు వచ్చును. పిడుగుపాటులో సన్నని ధ్వనులును కలవు, బొంగురు ధ్వనులును కలవు. సన్ననివానిని గాలి దారిలోనే మ్రింగివేయును, మంద్రమైనవి మిగులును. అందుచేతనే దగ్గరి పిడుగు ఫెళ్ళుమనును, దూరపు ఉరుము గుడగుడలాడును.

ఆ మ్రోతకు మా జిల్లాలో ఒక వాద్యము కూడ కలదు. దాని పేరు ఉరుమే. రెండు ముఖములు గల ఆ డోలులో ఒక చర్మమును వంకరపుల్లతో రాచి వాయించువారు గుర్రుమను నాదమును పుట్టింతురు. ఉరుముల నాట్యము అనంతపురము జానపదకళలలో పేరెన్నిక గన్నది. తోలుబొమ్మలాటవారు యుద్ధఘట్టము వచ్చినపుడు తెరవెనుక కాలిక్రింద చెక్కపలకలను దడదడ త్రొక్కుదురు. నాటకములవారు ఇనుపరేకు ఊపి పిడుగును సృష్టించిరి. చెవికే గాక రొమ్మునకు కూడ తగులు ధ్వని కావలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. నేడు ఆ కోరిక తీర్చుటకు ఇండ్లలోనికి వచ్చుచున్న పెట్టెను సబ్‌వూఫరు అందురు. దానిని ఎంచుకొనుటను గూర్చి శ్రోతలకు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఈ విషయములో నాకు ప్రవేశము కలిగినది శాస్త్రాభిలాషచేత కాదు, మేనల్లుని మూలమున. మా అక్కగారిని కణేకల్‌లో ఇచ్చితిమి. వారిది మట్టిమిద్దె, గోడలు రెండడుగుల మందము. తుంగభద్ర ఎగువ కాలువక్రింద వరిపొలము, ఎఱ్ఱనేలలో వానపై ఆధారపడిన వేరుశనగ పొలము కలవు. నాలుగేండ్ల క్రిందట పాత మిద్దెప్రక్కన ఇటుకగోడలతో, కాంక్రీటు కప్పుతో, తాడిపత్రి బండల నేలతో క్రొత్తగది ఒకటి కట్టిరి. దాని పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10. మేనల్లుడు ఆ గదిని హోమ్ థియేటరు చేయ నిశ్చయించెను. ఆ ఏటి వరి అమ్మిన సొమ్ములో సగము దానికై తీసిపెట్టెను. బళ్ళారిలో ఒక అంగడికి పోయి, పదునైదు అంగుళముల సబ్‌వూఫరు ఒకటి విని, మురిసి, బయానా ఇచ్చి వచ్చెను.

మా బావ నాకు ఫోను చేసెను. ఆయన బెంగ సొమ్మును గూర్చి కొంత, గోడను గూర్చి ఎక్కువ. క్రొత్తగది పొడుగుగోడ ప్రక్కయింటివారికిని వీరికిని ఉమ్మడి. ఆ ఇంటితో నలువదేండ్ల పొత్తు. కాలువనీటి వంతులలో కూడ ఏనాడును మాటపట్టింపు రాలేదు. ఆ ఇంటి ఆడపడుచు కాన్పునకై పుట్టింటికి వచ్చియున్నది. "వాడు నా మాట వినడు. నువ్వు చెప్తే వింటాడు. ఒకతూరి వచ్చిపో" అనెను. పోయితిని.

సబ్‌వూఫరు అనగా నేమో ముందు చెప్పవలెను. మానవుని చెవి సెకనుకు 20 కంపనములనుండి 20,000 కంపనములవరకు గల ధ్వనులను వినగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇందులో అడుగుభాగము, రమారమి 80 కంపనములకు దిగువనున్నది, చిన్న స్పీకర్లకు లొంగదు. ఆ అడుగుభాగమును మాత్రమే పలుకుటకు ప్రత్యేకించిన పెట్టె ఇది. సినిమాకు ఇది ముఖ్యము. మన కచేరీకి అంత ముఖ్యము కాదు. గాత్రము గాని, వీణ గాని, మృదంగము గాని వినుటకు 40 కంపనములకు దిగువ పోవలసిన అవసరము దాదాపు లేదు. పాటలే వినువారు ఈ ప్రసంగములో సగము విడిచిపెట్టవచ్చును.

ఇక్కడ రేడియో శ్రోతలకు తెలిసిన వింత ఒకటి కలదు. అరచేతిలో పట్టు రేడియోలో మృదంగపు ఎడమప్రక్క, అనగా తొప్పి నాదమును మనము విన్నామనుకొందుము. ఆ చిన్న స్పీకరు ఆ మంద్రస్వరమును పలుకనే పలుకదు. దానిపై నుండు అనుస్వరములను మాత్రము పలుకును. ఆ అనుస్వరముల పొందికనుబట్టి లేని మూలస్వరమును మన మెదడే పూరించుకొనును. మృదంగము, తబలాల అనుస్వరముల పొందికను సర్ సి. వి. రామన్ గారు పరిశీలించి 1920లోనే ప్రకటించిరి. కాని మెదడు పూరించుకొన్న స్వరము చెవివరకే, రొమ్మును తాకదు. రొమ్మును తాకుటకు గాలి నిజముగా కదలవలెను.

గాలిని కదలించు కథ పెద్దది. నేను తొందరగా నడచెదను. నేటి స్పీకరునకు మూలరూపమును అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇద్దరు 1925లో వెలువరించిరి. 1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి చిన్నపెట్టెనుండి మంద్రధ్వని రాబట్టవచ్చునని చూపెను. 1974లో వచ్చిన "ఎర్త్‌క్వేక్" అను చిత్రమునకు సినిమాశాలలలో పెద్ద మంద్ర స్పీకర్లను ప్రత్యేకముగా పెట్టిరి. మన తెలుగులో ఆరు ట్రాకుల ధ్వనితో 70 మిల్లీమీటర్ల చిత్రము 1986లో వచ్చిన "సింహాసనము". 1992లో డాల్బీ డిజిటల్ పద్ధతితో "బాట్‌మన్ రిటర్న్స్" విడుదలయ్యెను. మంద్రధ్వనికి వేరుగా నున్న దారి క్రమముగా ఇండ్లలోనికి దిగెను. 5.1 అని పెట్టెలపై వ్రాయుదురు గదా, ఆ చుక్క తరువాతి ఒకటియే అది.

ఇక మేనల్లుడు బయానా ఇచ్చిన యంత్రమునకు వత్తము. అంగడివారు అతనికి మొదట చెప్పిన గుణము వాట్లు. "వెయ్యి వాట్లు మామా" అని అతడును నాతో అదే మొదట చెప్పెను. వాట్లు రెట్టింపైనచో ధ్వని పెరుగునది మూడు డెసిబెల్లు మాత్రమే. అది తేడా తెలియుటకు చాలును, గొప్పకు చాలదు. మంద్రధ్వని రెట్టింపు గట్టిగా తోచవలెనన్నను వాట్లను రెండింతలు చేసినంత మాత్రమున కాదు. పైగా వాట్లలో ఎన్ని జాతులో! 1990ల నాటి టేప్‌రికార్డర్లపై పి.ఎం.పి.ఓ. అని వేలకొలది వాట్లు ముద్రించెడివారు. అరచేతి వెడల్పు స్పీకరునకు రెండువేల వాట్లు! ఆ అంకెకు అర్థము లేదు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకె ఎంతయో అడుగవలెను. దానికంటె ముఖ్యముగా, ఎంత దిగువ కంపనమువరకు, ఎంత గట్టిగా పలుకగలదో అడుగవలెను. అంగడివారు ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేనిచో యంత్రపు కరపత్రమునైనను తెప్పించి చూడవలెను.

మంద్రధ్వనికి మూలధనము గాలి పరిమాణము. స్పీకరు పొర ఎంత వైశాల్యము, ముందువెనుకలకు ఎంత దూరము కదలును, ఈ రెంటి గుణకారమే అసలు బలము. కంపనములు సగమైనచో అదే గట్టిదనమునకు నాలుగింతల గాలి కదలవలెను. 40 కంపనములవద్ద సునాయాసముగా పలుకు పొర 20 వద్ద రొప్పును. అందుచేత పెద్దపొరకు గౌరవము న్యాయమే. కాని లెక్క చూడుడు: పదునైదును పదునైదుచేత గుణింపగా 225. పదిని పదిచేత గుణింపగా 100. అట్టివి రెండైనచో 200. అనగా పది అంగుళములవి రెండు, పదునైదు అంగుళములది ఒకటి, వైశాల్యములో తొమ్మిదవవంతు మాత్రమే తేడా. ఈ లెక్కను మేనల్లునికి బియ్యపు బస్తాపై సుద్దముక్కతో వ్రాసి చూపితిని. అతడు ఒప్పుకొనలేదు. "రెండెందుకు మామా, ఒగటి చాలు గదా" అనెను. రెండెందుకో చెప్పుటకు ముందు అతనికి గదిని పరిచయము చేయవలసి వచ్చెను.

శ్రోతలారా, సబ్‌వూఫరు కొనువారు నిజముగా కొనుచున్నది యంత్రమును గదిని కలిపి. మంద్రధ్వని అల చాల పొడవైనది. 80 కంపనముల అల నాలుగు మీటర్ల పైచిలుకు. 20 కంపనముల అల పదునేడు మీటర్లు. అంత పొడవైన అల పదునారడుగుల గదిలో ఇమడలేక ఒక గోడనుండి మరియొక గోడకు కొట్టుకొని తిరిగివచ్చును. అల పొడవులో సగము గదిపొడవుతో సరిపడిన చోట పోవు అల, వచ్చు అల ఒకదానిపై నొకటి పేరుకొనును. మా మేనల్లుని గదిలో పొడవునకు అట్టి కంపనము 35, వెడల్పునకు 47, ఎత్తునకు 56. ఆ కంపనములవద్ద గోడలదగ్గర గుబగుబయు, నడుమ నిశ్శబ్దమును ఏర్పడును.

ఇది మాటలలో నమ్మరు. ఒక స్నేహితుని ఇంటినుండి పాత సబ్‌వూఫరు ఒకటి తెప్పించి, గదిమూల పెట్టి, ఫోనునుండి 35 కంపనముల స్వరమును ఎడతెగక పలికించితిమి. "ఇప్పుడు నడువు" అంటిని. తెరగోడ దగ్గర గది అంతయు దద్దరిల్లినట్లుండెను. అడుగులో అడుగు వేయుచు గది నడుమకు వచ్చెను. ధ్వని సన్నగిల్లి సన్నగిల్లి సరిగా ఎనిమిదవ అడుగున మాయమయ్యెను. ఇంకను నడచెను, వెనుకగోడ దగ్గర మరల దద్దరిల్లెను. ఆ ఎనిమిదవ అడుగుననే సోఫా వేయవలెనని అతడు నేలపై గీత గీసియుండెను! బళ్ళారిలోని విశాలమైన అంగడిలో విన్న ధ్వని ఈ గదికి రాదని అపుడు గాని అతనికి తెలియలేదు. అంగడిలో వినుట మంచిదే, కాని ఇంటికి తెచ్చి విన్నపిమ్మట గాని పూర్తి సొమ్ము ఇయ్యననుట అంతకంటె మంచిది.

మరియొక సంగతి. ఈ యంత్రములను గూర్చి మనము చదువు మెప్పులు, విమర్శలు పెక్కు అమెరికావారు వ్రాసినవి. వారి ఇండ్లలో చాలవాటి గోడలు కొయ్యచట్రమునకు బిగించిన పలుచని పలకలు. మంద్రధ్వని ఆ పలకలను ఊపి, కొంత వానిలో ఇంకి, కొంత బయటికి పోవును. నేలయు కొయ్యదే గనుక కాలిక్రింద అదురు తెలియును. మన ఇటుకగోడ, రాతిగోడ, కాంక్రీటు కప్పు అట్లు లొంగవు. ధ్వనిని గదిలోనే త్రిప్పికొట్టును. కనుక వారి గదిలో చాలని యంత్రము మన గదిలో చాలవచ్చును. వారి గదిలో సమముగా పలికినది మన గదిలో కొన్ని స్వరములవద్ద గుబగుబలాడవచ్చును. తాడిపత్రి బండల నేల అదరదు. కాలిక్రింద అదురు రాలేదని మీట ఇంకను త్రిప్పువారు కలరు. ఆ అదురు రాదు, ప్రక్కయింటివారు వత్తురు.

మేనల్లుని గదికి మూసిన పెట్టె తగునని నేను పట్టుబట్టుటకు కారణము ఈ గోడలే. సబ్‌వూఫరు పెట్టెలు ముఖ్యముగా రెండు రకములు. ఒకటి అన్నివైపుల మూసినది. రెండవది గొట్టమువంటి రంధ్రము గలది. రంధ్రము గలది తాను కుదిర్చిన కంపనము దగ్గర బలముగా పలుకును. అంతకు దిగువ హఠాత్తుగా, కంపనము సగమగుసరికి 24 డెసిబెల్లు పడిపోవును. మూసినది ముందుగనే తగ్గనారంభించును గాని, మెల్లగా, 12 డెసిబెల్లు చొప్పున తగ్గును. ఇక గది సంగతి: గదిలోని అతి దిగువ పేరుకొను కంపనము, మన లెక్కలో 35, దానికి దిగువన గది గాలి అంతయు ఒకేసారి ఒత్తిడికి లోనగును. గట్టిగోడల చిన్నగదిలో తలుపులు మూసియున్నచో ఆ ఒత్తిడి దిగువకు పోవుకొలది పెరుగును. మూసిన పెట్టె తగ్గుచున్నచోట గది పెంచును. రెండును ఇంచుమించు సరిపోవును. విశాలమైన హాలు, లేదా ముంగిలికి తెరచియుండు గది ఐనచో ఈ సాయము లభింపదు. అచట రంధ్రపు పెట్టెయే మేలు, పొరయు పెద్దది కావలెను. ఏ ఇంటికైనను ఒకే పెట్టె శ్రేష్ఠమని చెప్పువాని మాట వినకుడు.

ఇపుడు రెండెందుకో చెప్పెదను. ఉయ్యాలను ఒకరు ఊపినచో ఊగును. ఇద్దరు చెరియొక వైపున నిలిచి ఒకే క్షణమున సమబలముతో లోపలికి త్రోసినచో అది కదలక నిలుచును. 35 కంపనముల అల గదిపొడవున అట్టి ఉయ్యాల. తెరగోడ నడుమ ఒక సబ్‌వూఫరు, వెనుకగోడ నడుమ మరియొకటి పెట్టి, రెండును ఒకేసారి త్రోయునట్లు కుదిర్చినచో ఆ ఉయ్యాల ఊగదు. పైగా అవి రెండును గది వెడల్పునకు సరిగా నడుమ నున్నవి. 47 కంపనముల అలకు అది నిశ్శబ్దస్థానము, కనుక అదియు మేలుకొనదు. గది అంతటిని ఒత్తు మంద్రధ్వని మాత్రము రెంటినుండియు కూడి బలపడును. ఎన్ని సబ్‌వూఫర్లు, ఎక్కడ ఉంచవలెనను ప్రశ్నను హార్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టి అనువారు 2002లో విపులముగా పరిశీలించిరి. ఎదురెదురు గోడల నడిమిభాగములలో ఉంచిన రెండు సబ్‌వూఫర్లు, కొన్ని గదులలో నాలుగు, ఒకే కుర్చీవానికి గాక వరుసలోని అందరికిని సమముగా వినిపించునని వారి పరిశీలనలో తేలినది.

ఒక్కటే కొనగల ఇంటివారు నిరాశపడ పనిలేదు. వారికొక చిట్కా కలదు. సబ్‌వూఫరును మీరు కూర్చుండు చోట, ఆ కుర్చీపైననే పెట్టుడు. మంద్రస్వరములు గల పాట నొకదానిని పలికించి, గోడలవెంట, చెవి యంత్రమున్న ఎత్తునకు వచ్చునట్లు ప్రాకుచు వినుడు. ఎచ్చట అన్ని స్వరములును సమముగా వినవచ్చునో అదియే యంత్రమునకు స్థానము. ఇంటిపెద్ద నేలపై ప్రాకుట చూచి పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. మూలలో పెట్టినచో గట్టిగా మ్రోగునని అందరును మూలకే త్రోయుదురు. గట్టిదనము నిజమే, కాని మూల అన్ని ఉయ్యాలలను ఒకేసారి ఊపును. ఆంప్లిఫైయరుతో వచ్చు మైకు పెట్టి సరిచూచుకొను విధానము నేడు సామాన్యమైనది. అది గుబగుబను తగ్గింపగలదు, నిశ్శబ్దస్థానమును నింపలేదు. నిశ్శబ్దములో ఎంత బలము పోసినను ఎదురుగోడనుండి అంతే బలము తిరిగివచ్చి చెరిపివేయును.

ఉమ్మడిగోడ సంగతికి వచ్చితిని; మా బావ ఎదురుచూచుచున్నది దీనికే. మేనల్లుడు అప్పటికే గోడకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించుటకు పోగుచేసియుండెను. ఎవరో చెప్పిరట. మా అక్కగారు అటకపైనున్న గొంగళ్ళు తీసియిచ్చిరి. గొంగడి మంచిదే, మాటలలోని చప్పట్ల ప్రతిధ్వనిని తగ్గించును. ఇవి రెండును సన్ననిధ్వనికి పనిచేయునే గాని మంద్రధ్వనికి అడ్డురావు. 35 కంపనముల అలలో నాలుగవవంతు ఎనిమిదడుగులు. అంగుళపు మందముగల గొంగడి దానిని ఏమి చేయగలదు? గోడ బరువు ధ్వనిని ఆపును గాని, కంపనములు సగమైన ప్రతిసారియు ఆపుశక్తి ఆరు డెసిబెల్లు తగ్గును. అందుచేతనే ప్రక్కయింటిలో మాటలు వినబడవు, పాట వినబడదు, గుబగుబ మాత్రము వినబడును.

చట్టమును నమ్ముకొందమన్నను ఇబ్బందియే. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములలో నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితి కలదు. రాత్రి అనగా పదిగంటలనుండి ఉదయము ఆరువరకు. కాని ఆ డెసిబెల్లను కొలుచు పద్ధతి చెవి స్వభావమును అనుకరించి మంద్రధ్వనులను తగ్గించి చూపును. 40 కంపనములవద్ద 80 డెసిబెల్ల ధ్వని ఆ కొలతలో 45గా కనబడును. పరికరము ప్రకారము తప్పు లేదు. బాలింత నిద్ర మాత్రము చెడును. ఇట్టిచోట చట్టముకంటె ఇరుగుపొరుగే పెద్దకోర్టు.

మేము చేసినది ఇది. రెండు సబ్‌వూఫర్లను పొట్టిగోడల నడుమ, గోడకు తగులకుండ జానెడు ఎడముగా, దళసరి రబ్బరుపలకపై నుంచితిమి. ఉమ్మడిగోడ పొడుగుగోడ గదా. వెడల్పు ఉయ్యాల ఊగకపోవుటచేత ఆ గోడపై 47 కంపనముల ఒత్తిడియు తగ్గెను. ఇది నేను మొదట తలపోయని లాభము. తలుపుసందులకు రబ్బరు పట్టీలు బిగించితిమి. తరువాత నేను, మా బావ ప్రక్కయింటికి పోయి, బాలింత పడుకొను గదిలోనే కూర్చుండి, మేనల్లునిచేత సినిమాలోని యుద్ధఘట్టము పలికించితిమి. ఫోనులో "తగ్గించు, ఇంకా తగ్గించు" అని చెప్పి, ఆ ఇంటి పెద్దాయన తలయూపినచోట మీటకు ఎఱ్ఱరంగు గుర్తు పెట్టించితిమి. రాత్రి పదింటి తరువాత సబ్‌వూఫర్లు ఆపివేయుట అని నిర్ణయమయ్యెను. పెద్దాయన మాకు కాఫీ ఇచ్చి, "మాకేమీ ఇబ్బంది లేదు, చూసుకోండి" అనెను. ఆ మర్యాదను నమ్మి మీట పెంచవలదని మేనల్లునికి దారిలోనే చెప్పితిని.

బయానా? సగము పోయినది. అంగడివారు తిరిగి ఇయ్యమనిరి. చాలసేపు మాటలాడగా సగము ఇచ్చిరి. పది అంగుళముల మూసిన పెట్టెలు రెండు మరియొకచోట కొంటిమి.

మొదటిరోజు వానిని బిగింపగనే బొయ్యిమను రొద. యంత్రము చెడిపోయినదని మేనల్లుడు నీరుగారెను. ఆ రొద మనకు తెలిసినదే. విద్యుచ్ఛక్తి సెకనుకు 50 కంపనములది, ఆ 50, 100 కంపనముల స్వరము. టి.వి. డిష్షు ఒక గోడలోని ప్లగ్గునుండి, ఆంప్లిఫైయరు మరియొకదానినుండి కరెంటు తీసుకొనుచున్నవి. రెంటి ఎర్తుదారులు వేరైనపుడు వాని నడుమ పారు స్వల్పవిద్యుత్తే ఈ రొద. అన్నింటిని ఒకే బోర్డునకు మార్చగా చాలవరకు పోయెను. మిగిలినది పెరటిలో ఉండెను. మా మెట్టసీమలో వేసవి వచ్చినచో ఎర్తుగుంతలోని మన్ను ఎండి బొగ్గువలె పొడియగును. ఎండినమన్ను విద్యుత్తును సరిగా పోనియ్యదు. రెండు బిందెల నీరు పోసి, ఉప్పు, బొగ్గు క్రొత్తగా వేయించితిమి. రొద అణగుట అటుంచి, ఇది ప్రాణరక్షణకు కావలసిన పని. రొద పోవుటకై ప్లగ్గులోని ఎర్తుపిన్నును విరుగగొట్టు వారు కలరు. ఎన్నడును అట్లు చేయరాదు.

ఓల్టేజి హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు పెట్టుట, హగరి ఇసుకగాలి రోజులలో పొరపై గుడ్డ కప్పుట, పొర అంచు స్పాంజిది గాక రబ్బరుది ఎంచుట, ఇవి చెప్పనక్కరలేనంత చిన్నవి. స్పాంజి అంచు కొన్ని యేండ్లకు దానంతట అది పొడియై రాలును.

ఒక నవ్వుల సంగతి. అన్నియు కుదిరిన తరువాత కూడ ఒక స్వరమువద్ద గణగణమను చప్పుడు వచ్చుచుండెను. స్పీకరు చిరిగెనని మేనల్లుడు, వైరు వదులని నేను, గంటసేపు వెదకితిమి. మా అక్కగారు వచ్చి బీరువాపై బోర్లించిన స్టీలు బేసిన్లు తీసికొనిపోయిరి. చప్పుడు ఆగెను. ఫోనునుండి 20 నుండి 100 వరకు స్వరమును మెల్లగా ఎక్కించుచు వినినచో ఇంటిలో ఏ వస్తువు ఏ స్వరమునకు అదరునో తెలియును. కిటికీ గొళ్ళెములు, దేవునిపటముల అద్దములు, బీరువా తలుపులు.

చివరకు మిగిలినది హెచ్చుతగ్గుల కుదింపు. సబ్‌వూఫరునకును ఇతర స్పీకర్లకును సరిహద్దు 80 కంపనములవద్ద పెట్టితిమి. అంతకు పైన పెట్టినచో ధ్వని ఏ మూలనుండి వచ్చుచున్నదో చెవి పసిగట్టును. గట్టిదనము ఎంత ఉండవలెనను విషయములో న్యాయాధిపతి మా అక్క అత్తగారు. ఆమెకు ఎనుబది దాటినవి. వృద్ధాప్యమున చెవి ముందుగా కోల్పోవునది సన్ననిధ్వనులను. మాటలలో క, చ, త, స వంటి హల్లుల స్పష్టత ఆ సన్ననిధ్వనులలోనే ఉండును. మంద్రధ్వని మిక్కుటమైనచో మిగిలిన హల్లులనుకూడ కప్పివేయును. మేనల్లుడు తనకు నచ్చినట్లు కుదిర్చి చూపగా ఆమె చెవికి చేయి అడ్డుపెట్టి, "ఒరే, ఆ గుబగుబలో మాటలు మునిగిపోతాండాయి రా. వాళ్ళేమనుకున్నారో తెలీకుండా వాళ్ళు కొట్టుకుంటే నాకేం?" అనెను. ఆమెకు మాటలు తెలియువరకు తగ్గించితిమి. చిత్రమేమనగా, తగ్గించిన తరువాత యుద్ధఘట్టము మునుపటికంటె బలముగా తోచెను. అంతవరకు నిశ్శబ్దముగానుండి ఒక్కసారి మ్రోగుటవలన గాబోలు.

సోఫాను తెరగోడనుండి పదిన్నర అడుగులకు జరిపి నేను ఊరికి వచ్చితిని. కార్తీకమాసములో మేనల్లుడు ఫోను చేసెను. వేరుశనగకాయలు గదికప్పుపై ఆరబోసియుండిరట. రాత్రి ఎనిమిదింటికి ఇంటిల్లిపాదియు సినిమా చూచుచుండగా గట్టిగా ఉరిమెను. అంతకుముందు మూడుమారులు అవ్వ సినిమాలోని ఉరుము విని కాయలు తీయుటకు పైకి పరుగెత్తి, నక్షత్రములు చూచి తిట్టుకొనుచు దిగివచ్చినదట. ఈమారు కదలలేదు. "సినిమాదే లే" అని కూర్చుండెను. ఈమారు ఉరిమినది ఆకాశము. రెండు బస్తాల కాయలు తడిసినవి.

కప్పుపై కాయలున్నన్ని దినములు సబ్‌వూఫర్ల ప్లగ్గులు తీసి, వైర్లను అవ్వ ట్రంకుపెట్టెలో పెట్టుకొనుచున్నది.